వైశాఖం చివర పుట్ట ఖాళీ

నా జీవితంలో ఉడుమును నేను చేతితో తాకలేదు. కంటితో చూసినది కూడా పదిసార్లకు మించదు. అయినా ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగంలో నేను రాసిన వేల కాగితాలలో ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది, ఉడుముల గురించి తయారుచేసిన ఒక చిన్న పట్టిక మాత్రమే. అది ఆద్యంతం తప్పు. ఇప్పుడిప్పుడే కాగితాల కొలువుల్లో చేరుతున్న యువతీయువకులు, ముఖ్యంగా ఒక భాషలోని సంగతిని మరొక భాషలోకి దించే పని చేపట్టినవారు, తీరిక ఉంటే చదువుతారని ఇది రాస్తున్నాను. నీతి చెప్పే ఉద్దేశం లేదు. ఆ అర్హత ఆ పట్టికతోనే పోయింది.

నేను ప్రాచ్య కళాశాలలో కావ్యాలూ వ్యాకరణమూ చదువుకున్నవాణ్ణి. తెలుగు పండితుడి ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తే, దమ్మపేటకు కొంత ఎగువన జామాయిల్ తోటలు పెంచే ఒక సంస్థలో గుమాస్తా పని వచ్చింది. ఆ సంస్థ ఇప్పుడు లేదు కనుక పేరుతో నిమిత్తం లేదు. వచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసి, ఆవక పుస్తకంలో వరుస సంఖ్య ఇచ్చి, దానికి జవాబు ముసాయిదా రాయడం నా విధి. ఇంగ్లీషులో వచ్చే ఉత్తర్వులను తోట సిబ్బందికి తెలిసేటట్టు తెలుగు చేయడం కూడా నా మీదనే పడింది. తెలిసేటట్టు చేశానని ఇప్పుడు అనలేను. ‘మొక్కలకు నీరు పెట్టవలెను’ అనవలసిన చోట నేను ‘సేచనము గావింపవలయును’ అని రాసిన కాగితం ఒకటి చాలాకాలం నర్సరీ షెడ్డు తలుపుకు అతికి ఉండేది. ఎవరూ చింపలేదు, ఎవరూ చదవలేదు.

ఈ కథకు కావలసినవారు నలుగురే. మా మేనేజరు కోస్తా నుంచి తరలివచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడిన రైతు కుటుంబంలోని మనిషి. మాట మెత్తన, పట్టుదల గట్టిది. తొలకరి పడేనాటికి నేల దున్ని ఉండాలన్న ఒక్క విషయంలో ఆయన దేవుడితో కూడా రాజీపడేవారు కారు. సూపర్వైజరు కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాడు. నోరు తెరిస్తే నవ్వించకుండా మూసేవాడు కాడు. మూడవ వ్యక్తి వాగు ఒడ్డు గూడెం నుంచి వచ్చే కోయ మహిళ. వాగు వైపు తోటకు వాచరు. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, పెళ్లికాని చెల్లెలు, మంచం పట్టిన అత్త ఆమె మీదనే ఆధారపడి ఉన్నారు. ఆమెది ఏటేటా జూన్ నెలలో తిరగరాసే ఉద్యోగం. ఆ జాబితాలో పేరు లేకపోతే ఆ ఇంట్లో జీతమన్నదే లేదు. నాలుగవ మనిషి తరువాత వస్తుంది.

నా విరమణకు ఏడాది ముందు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం మా కార్యాలయానికి చేరింది. అడవికి చేటు చేయకుండా పెంచిన కలప అన్న ముద్ర ఒకటి మా తోటలకు కావలసి వచ్చింది. అది ఉంటే తప్ప పెద్ద కాగితపు మిల్లులు కొనవట. ఆ ముద్ర ఇచ్చేవారు తోటలో ఏ జంతువులు ఉన్నాయి, వాటిని ఎలా కాపాడుతున్నారు అని అడుగుతారు. జామాయిల్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. కనుక ఆ చెట్ల అడవులలో తిరిగే జంతువుల గురించి అక్కడివారు రాసినదే మనకూ ప్రమాణమని పై కార్యాలయంలో ఎవరో తేల్చారు. ఆ తర్కంలోని లోపం నాకు కనిపించలేదు. నిజం చెప్పాలంటే, పుస్తకం అట్ట మీది బొమ్మ చూసిన తరువాత నేను ఆ లోపాన్ని వెతకలేదు.

పుస్తకం నిండా ఒకే ప్రాణి. మన ఉడుముకు దాయాది. నిలువెత్తు మనిషంత పొడవు పెరుగుతుంది. నల్లని ఒంటి మీద పసుపు చుక్కలూ పట్టెలూ లేసు అల్లినట్టు ఉండటం వల్ల ఆ దేశస్థులు దానిని లేసు ఉడుమని పిలుస్తారు. పగలంతా నేల మీద ఆకులలములు కెలుకుతూ తిరుగుతుంది. అలికిడి అయితే చెట్టెక్కుతుంది. ఎక్కేటప్పుడు చూసేవాడికీ తనకూ నడుమ మాను అడ్డం ఉండేటట్టు తిరుగుతూ పోతుంది. పక్షి గుడ్లు, పురుగులు, చచ్చిన జంతువులు దాని తిండి. చలిరోజులలో ముసలి చెట్ల తొర్రలలో కదలక పడి ఉంటుంది. ఆ వాక్యం దగ్గర నేను ఒక్క క్షణం ఆగి ఉండవలసింది. తొర్ర పడాలంటే ఆ చెట్టు తరాల తరబడి నిలవాలి. మా తోటలో అదే చెట్టు మనిషి తొడంత లావు కాకముందే లారీ ఎక్కుతుంది. అక్కడ ఇల్లయిన చెట్టు ఇక్కడ పంట. మన ఉడుములు తోటలోకి తిండికి వచ్చేవేమో గాని, కాపురం మాత్రం వాగు గట్టున మిగిలిన మద్ది చెట్ల కింద, రాళ్ల సందులలో, పుట్టలలో.

పుస్తకంలో నన్ను పూర్తిగా వశం చేసుకున్నది ఆ ప్రాణి గుడ్లు పెట్టే పద్ధతి. తల్లి చెదపుట్టను పక్క నుంచి తవ్వి, లోపల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. చెదలు తమ ఇంటికి పడిన కన్నాన్ని తామే పూడ్చుకుంటాయి. బయట ఎండ కాసినా మంచు కురిసినా పుట్ట కడుపులో వెచ్చదనం తగ్గదు, తేమ ఆరదు. నెలల తరువాత, గట్టిపడిన గోడను పిల్లలు చీల్చలేవు కనుక, తల్లి తిరిగి వచ్చి పుట్టను తెరుస్తుందట. నేను చదివిన కావ్యాలలో పుట్ట తపస్సుకు గుర్తు. అది ఉయ్యాల కూడా కాగలదని ఆ వయసులో తెలుసుకున్నాను.

అనువాదం నెలన్నర సాగింది. ఉడుమును ‘గోధ’ అన్నాను, పుట్టను ‘వల్మీకము’ అన్నాను. అవి చిన్న తప్పులు. పెద్ద తప్పు వేరే ఉంది. మూలంలో గుడ్లు నడివేసవిలో పెడుతుందనీ, మరుసటి వసంతంలో పిల్లలు వెలువడతాయనీ మాత్రమే ఉంది. నెలల పేర్లు లేవు. సిబ్బందికి సులభంగా ఉంటుందని నేను ఒక పట్టిక చేర్చాను. గ్రీష్మ ఋతువు, జ్యేష్ఠ ఆషాఢాలు: గుడ్లు పెట్టు కాలము. వసంత ఋతువు, చైత్ర వైశాఖాలు: పిల్లలు వెలువడు కాలము. పట్టిక కింద నా సొంత తెలివితో ఒక వాక్యం రాశాను: ‘కావున వైశాఖాంతమున, జ్యేష్ఠమునకు పూర్వము, వల్మీకములు శూన్యములై యుండును.’ మూలంలో ఛాయగా కూడా లేని వాక్యం అదొక్కటే. చదివినవారందరూ మెచ్చుకున్నదీ అదే.

మాఘమాసంలో ఒక ఉదయం నర్సరీ షెడ్డులో వాచర్లను కూర్చోబెట్టి ఆ అనువాదం చదివి వినిపించాను. నాలుగు పుటలు అయ్యాక సూపర్వైజరు చెయ్యెత్తాడు.

“పంతులుగారూ, ఒక్క డౌటు. ఈ గోధ అంటే ఎవరు?”

“ఉడుమయ్యా.”

“గట్ల చెప్పరాదుండ్రి! నేను ఎవరో అమ్మవారనుకొని ఇందాకటిసంది చెప్పులిడిచి కూసున్న.”

షెడ్డంతా నవ్వింది. నేను పట్టిక దాకా చదివి ఆపాను. వాగు వైపు వాచరు మూలన గోడకు ఆనుకుని వింటున్నది.

“సారూ, ఇది ఏ ఊరి ఉడుం?” అని అడిగింది.

“ఆస్ట్రేలియాది. సముద్రాల అవతలి దేశం.”

“ఆడ వానలు ఎప్పుడు పడ్తయి?”

“అది ఈ పుస్తకంలో లేదమ్మా.”

“వాన లేకుంట ఉడుం ముచ్చటేంది సారూ?” అన్నది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. “మా దిక్కు వానలు పడ్డంక గుడ్లు పెడ్తది. మన్ను కప్పి పోతది, మళ్ల రాదు. చలికాలం, ఎండకాలం అన్నీ పుట్టలోనే. మిర్గం వాన పడి పుట్ట నానాలె. గప్పుడు పిల్లలే తోడుకొని ఎల్తయి. నువ్వు ఖాళీ అంటున్న దినాలల్లనే పుట్ట నిండుగ ఉంటది.”

మిర్గం అంటే మృగశిర కార్తె. మన పంచాంగంలో జ్యేష్ఠంలో వస్తుంది. ఆమె మాటకూ నా వాక్యానికీ పొత్తు కుదరదని నాకు వెంటనే తెలిసింది.

“ఇది శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి చూసి రాసిన సంగతమ్మా,” అన్నాను.

“అవ్. నేను గూడ ఏండ్లసంది చూస్తున్న. రాయలే, గంతే.”

“పుట్టల గురించి ఆమెకు మస్తు తెల్సు పంతులుగారూ. ఉడుం కూర తినీ తినీ తెలుస్తది,” అని సూపర్వైజరు అంటించాడు.

“మా ఇంట్ల ఉడుం ముట్టరు. మా తాతల కాడికెళ్లి ముట్టరు,” అన్నది ఆమె అతనివైపు తిరిగి. “కోడి మీద ఒట్టేసి చెప్పమంటవా? నీ ఇంటి కోడే తే.”

మళ్లీ నవ్వులు. సమావేశం ముగిసింది. ఆ సమావేశపు నివేదికలో ‘సిబ్బంది అభ్యంతరములు’ అని ఒక గడి ఉండేది. అందులో నేను ‘లేవు’ అని రాశాను. ఆమె చెప్పినది అభ్యంతరంగా నాకు తోచలేదు. అభ్యంతరమంటే కాగితం మీద వచ్చేదని అప్పటికి నా అభిప్రాయం.

వాగు పక్కనున్న పాత తోటను ఆ ఏడు కొట్టేశారు. మోళ్లు పీకి, పుట్టలు చదును చేసి, తొలకరికి కొత్త మొక్కలు నాటాలి. ఆ ముక్కలో తొమ్మిది పుట్టలు ఉన్నాయి. చెదలు లేత మొక్కల వేర్లు కొరికేస్తాయి కనుక పుట్టలను ఉండనిచ్చే ఆచారం ఏ తోటలోనూ లేదు. కాని ముద్ర ఇచ్చేవారి తనిఖీ జ్యేష్ఠం మొదట్లో ఉంది. ఉడుము గుడ్లున్న పుట్టను పగలగొట్టామన్న మాట రాకూడదు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచారు.

“మీ పట్టిక ప్రకారం పుట్టలు ఎప్పుడు ఖాళీ అండీ?”

“వైశాఖం చివర.”

“అంటే సరిగ్గా మనకు జేసీబీ దొరికే వారమే! మీ చేతిలో ఏదో మహిమ ఉంది పంతులుగారూ. ఆ మాటే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. సూపర్వైజరు వెళ్లి కొత్తగా తవ్విన జాడలున్నాయేమో చూసి వస్తాడు.”

సూపర్వైజరు చూసి వచ్చాడు. కొత్త జాడలు లేవన్నాడు. ఎలా ఉంటాయి? ఉడుము తవ్వినది కిందటి వానాకాలంలో. ఆ పైన కురిసిన వానలు, చెదలు కలిసి ఆ మచ్చను ఎప్పుడో మాపేశాయి. నేను సంతకం పెట్టాను.

జేసీబీ వచ్చిన ఉదయం నన్ను కూడా వాగు దగ్గరికి తీసుకువెళ్లారు. పుట్టల పక్కన పుస్తకం పట్టుకుని నిలబడితే ఫోటో తీసి నివేదికలో పెడతారట. వాగు వైపు వాచరు అక్కడ లేదు. ఆమెను తోట మరో చివర కాపలాకు పంపారు. ఎవరు పంపారని నేను అడగలేదు. జేసీబీ డ్రైవరు బండి దిగి, మొదటి పుట్ట ముందు చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, “తెల్వక చేస్తున్నం, మన్నించు తల్లీ” అని దండం పెట్టుకున్నాడు. తరువాత బండెక్కి బకెట్ దించాడు.

పుట్ట పైభాగం పెళ్లగిల్లి ఒరిగింది. ఎర్రమట్టి గడ్డల నడుమ తెల్లగా, కోలగా, తోలు సంచుల వంటివి దొర్లాయి. కొన్ని నలిగిపోయాయి. నలిగిన ఒక దానిలోంచి వేలెడు తల బయటికి వచ్చింది. నల్లని తల మీద పసుపు చుక్కలు. చీలిన నాలుక ఒకసారి బయటికి చాచి, లోపలికి తీసుకుంది. పూర్తిగా తయారైన పిల్ల. మరి రెండు మూడు వారాలు ఆగితే తానే వచ్చేది. దాని నడుము కింద శరీరం లేదు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. బండి చప్పుడు విని వాచరు తోటకు అడ్డంగా పరుగెత్తుకు వచ్చింది. పగిలిన పుట్టను ఒకసారి చూసింది. పోయి రెండవ పుట్టకు వీపు ఆనించి, కాళ్లు చాచి కూర్చుంది.

“లే అక్కా,” అన్నాడు సూపర్వైజరు. “నా కొలువు పోతది.”

“ముందు నాది పోతది, తర్వాత నీది. వరుసల ఉండు.”

మేనేజరు ఫోనులో అరుస్తున్నారు. సూపర్వైజరు ఫోను డ్రైవరు చేతికి ఇచ్చాడు. డ్రైవరు విని, “సార్, నేను కొట్టింది ఒక్క కొబ్బరికాయ. గది ఒక్క పుట్టకే,” అని ఫోను తిరిగి ఇచ్చి, బండి తాళం చెవి జేబులో వేసుకున్నాడు. ఆనాటికి పని ఆగింది. నేను పుస్తకం చంకలో పెట్టుకుని జీపులో కూర్చున్నాను. ఫోటో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం మేనేజరు నన్ను పిలిచారు. కోపంగా లేరు. ఆయన ఆలోచన పూర్తయిన తరువాత ఎప్పుడూ కోపంగా ఉండేవారు కారు.

“తనిఖీకి ఇంకా మూడు రోజులు ఉన్నాయి పంతులుగారూ. జరిగినదానికి ఒకరి జవాబుదారీ ఉండాలి. పుట్టలలో గుడ్లుంటే చెప్పవలసింది వాచరే కదా? ఆవిడ చెప్పలేదు. సమావేశం కాగితంలో కూడా అభ్యంతరాలు లేవని మీరే రాశారు. గమనించక పొరపాటు జరిగిందని ఆవిడ చేత ఒక ముక్క రాయించి వేలిముద్ర తీసుకోండి. చదివేవాళ్లు నమ్మేటట్టు, మీ చక్కని తెలుగులో. వచ్చే నెల జాబితాలో ఆవిడ పేరు తీసేద్దాం. మీకు విరమణ తరువాత రెండేళ్లు పొడిగింపుకు నేను సిఫారసు పంపించాను, మీకు తెలుసు కదా.”

ఉడుము చట్టం కాపాడే జంతువు. గుడ్లు నాశనం కావడానికి తానే కారణమని వేలిముద్ర వేస్తే ఉద్యోగంతో ఆగదు, కేసు కూడా కావచ్చు. ఇది ఆయనకు తెలియదని నేను అనుకోను. నాకు తెలుసు. అయినా వెళ్లి ఆ ముసాయిదా రాశాను. దాపరికమెందుకు, బాగా రాశాను. ఒక్క కొట్టివేత లేదు.

రాసిన తరువాత, ఎందుకో ఆ పుస్తకం మళ్లీ తెరిచాను. బొమ్మల కింది వాక్యాలు నేను అనువదించలేదు. అవి అసలు గ్రంథంలో భాగం కావన్నది నా లెక్క. పుట్టను తవ్వుతున్న తల్లి ఉడుము బొమ్మ కింద చిన్న అక్షరాలలో ఉంది: నడివేసవి, డిసెంబరు.

భూమికి అవతలి సగంలో ఋతువులు మనకు తలకిందులని నేను ఎనిమిదవ తరగతిలోనే చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని వసంతమన్న మాట వినగానే చైత్రం తప్ప మరొకటి తోచనంతగా కావ్యాలు చదివినవాణ్ణి. డిసెంబరులో వేసవి ఉండే దేశానికి నేను మన పంచాంగం తొడిగాను. పోనీ ఆ ఋతువులను తిరగేసి పట్టికను సరిచేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. అప్పుడు గుడ్లు మార్గశిర పుష్యాలలోకి, పిల్లలు ఆశ్వయుజంలోకి పోతాయి. అది ఆ దేశపు ఉడుముకు సరి, మా వాగు ఉడుముకు కాదు. మన ఉడుము ఎండను చూసి గుడ్లు పెట్టదు, వానను చూసి పెడుతుంది. ఆ షెడ్డులో మూలన కూర్చుని వాచరు అడిగిన ప్రశ్న అదే.

మరునాడు ఉదయం ఆమె ఆఫీసుకు వచ్చింది. ఇంకు డబ్బా బల్ల మీద ఉంది.

“ఏం రాసినవో చదువు సారూ,” అన్నది.

చదివాను. ‘అనవధానత’ అన్న మాట దగ్గర ఆపింది.

“గదేంది?”

“గమనించకపోవడం.”

“ఎవరు?”

నేను తరువాతి వాక్యం చదివాను.

“నేను చెప్పలేదని రాసినవా? షెడ్డుల, అందరి ముంగట చెప్పిన గద సారూ. నీతోనే చెప్పిన.” గొంతు పెంచలేదు. “నువ్వు గూడ చెప్పలేదంటె ఇగ చెప్పనట్టే. ముద్ర ఎక్కడ ఎయ్యాలె?”

వేలు ఇంకు డబ్బా మీద పెట్టబోయింది. నేను డబ్బా మూత వేశాను. ధైర్యమేమీ కాదు. ఆ క్షణంలో ఆమె వేలిముద్ర నా చక్కని చేతిరాత కింద పడటాన్ని చూడలేకపోయాను, అంతే. ఆమెను పొమ్మని, మరొక కాగితం తీసుకున్నాను. అందులో నాలుగే వాక్యాలు. పట్టికలోని నెలలు మూలంలో లేవు, నేను చేర్చాను. పుట్టలు ఖాళీ అన్న వాక్యం నాది. వాగు వైపు వాచరు మాఘంలోనే అది తప్పని చెప్పింది. నేను నివేదికలో రాయలేదు. ముప్పై ఏళ్లలో నేను రాసిన వాటిలో సంస్కృత సమాసం ఒక్కటీ లేని ఉత్తరం అదొక్కటే.

ఇక్కడ గుమాస్తా విద్య కొంచెం అక్కరకు వచ్చింది. ఉత్తరం నేరుగా మేనేజరు చేతికిస్తే సొరుగులోకి పోతుంది. అందుకని ముందు నేనే దానిని అందుకున్నట్టు ముద్ర వేసి, ఆవక పుస్తకంలో వరుస సంఖ్య ఇచ్చి, విషయం గడిలో ‘పుట్టల పట్టికలో గుమాస్తా చేసిన తప్పు’ అని రాసి, అప్పుడు తీసుకువెళ్లాను. ఆవకలో ఎక్కిన కాగితం మాయమైతే దాని సంఖ్య మాయం కాదు. తనిఖీకి వచ్చేవారు ముందుగా అడిగే పుస్తకం కూడా అదే.

మేనేజరు చదివారు. ముద్ర చూశారు. నన్ను చూశారు.

“మీరే రాసి, మీరే అందుకుని, మీరే నంబరు వేశారా?”

“అవునండీ. సెక్షన్లో మరెవరూ లేరు.”

“మీ పొడిగింపు సంగతి ఇక నన్ను అడగకండి.”

“అడగను.”

“కూర్చోండి,” అన్నారు కుర్చీ చూపించి. “నిలబడితే నాకే ఇబ్బందిగా ఉంది.” ఆ మాట కోసం నేను ఆయనను ఈనాటికీ కొంత గౌరవిస్తాను. చాలామంది అధికారులు ఆ స్థితిలో నిలబెట్టే ఉంచుతారు.

నాలుగవ మనిషి ఇప్పుడు వచ్చింది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన తనిఖీ అధికారిణి. తెలుగు రాదు, ఇంగ్లీషే. ఆవక పుస్తకం తిరగేసి, విషయం గడి చదివించుకుని, ఆ ఉత్తరం తెమ్మన్నది. తరువాత వాచరును పిలిపించమన్నది. అధికారిణి, మేనేజరు, వాచరు, నేను వాగు దగ్గరికి వెళ్లాము. వాచరు చెప్పేది ఇంగ్లీషులో చెప్పవలసినవాణ్ణి నేనే. ఆ పూట నేను ఒక్క మాటా చేర్చలేదు. తెలియని చోట ఆపి మళ్లీ అడిగాను. పుట్ట ఏ పక్క తవ్వుతుంది? నీడ పక్కన కాదు, పొద్దు తగిలే పక్కన. ఎన్ని పుట్టలలో ఉన్నాయి? తొమ్మిదింటిలో ఐదు; ఒకటి పోయింది, నాలుగు. ఎలా తెలుసు?

“వానల్ల తవ్వంగ చూసిన. ఏ పుట్టనో యాది పెట్టుకున్న. దీనికి ఇంగ్లీషేంది సారూ?” అన్నది నాతో, విసుగ్గా.

అధికారిణి రాసుకుంది. పుట్టలున్న ముక్కను వాన పడి పిల్లలు వెళ్లేదాకా ముట్టరాదనీ, అప్పటిదాకా ముద్ర ఇవ్వడం వీలుకాదనీ, వాచరు చెప్పినది నిజమో కాదో చూసి ఫోటోలతో పంపాలనీ నిర్ణయం చెప్పింది. జాబితాలో వాచరు పేరు సంగతి అది తేలాకే అన్నారు మేనేజరు. అంటే ఆమె చెప్పినది జరిగితే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. జరగకపోతే ఆమెతో పాటు నా ఉత్తరమూ అబద్ధమవుతుంది. మేనేజరు ఆ రెండవదే జరుగుతుందని ఆశించారని నేను అనను. కాని మొక్కలు నర్సరీలో ఎండకు వాడుతుంటే రోజూ ఆకాశం చూసేవారు.

మృగశిర ప్రవేశించింది. వాన రాలేదు. నాలుగు రోజులు, వారం, పది రోజులు. సూపర్వైజరు వాచరును చూసినప్పుడల్లా “అక్కా, మీ ఉడుములకు క్యాలెండరు పంపినవా లేదా?” అనేవాడు. “పంపిన. పంతులు రాసిందే పంపిన, గందుకే ఆగినయ్,” అన్నది ఒకసారి నా ముందే. నవ్వడానికి నాకు కొంతసేపు పట్టింది.

పదకొండవ నాటి సాయంత్రం వాన పడింది. గోదావరి వైపు నుంచి వచ్చి, గంటసేపు ఆగకుండా కొట్టింది. తెల్లవారగానే సూపర్వైజరు కెమెరాతో వచ్చి నన్ను బండి మీద ఎక్కించుకున్నాడు. జాబితా ముందురోజే తయారైంది. వాచరు ఉద్యోగపు ఉత్తర్వు మీద మేనేజరు సంతకం చేసి, నా చేతికిచ్చి, “అవి వస్తేనే ఇవ్వండి,” అన్నారు. నేను ఆమె ఇల్లు ఎక్కువసార్లు చూసినవాణ్ణి కాను. కాని ఆ కాగితం జేబులో ఉన్నంతసేపు ఆ మంచం పట్టిన అత్త నాకు కనిపిస్తూనే ఉంది.

ఆమె మాకంటె ముందే వచ్చి, మిగిలిన నాలుగింటిలో ఒక పుట్టకు నాలుగు గజాల దూరంలో గొంతు కూర్చుని ఉంది. ఆగమని చేత్తోనే సైగ చేసింది. ఎర్రమట్టి నాని మెత్తబడింది. పొద్దు తగిలే పక్కన మట్టి పెళ్ల ఒకటి కదిలింది. మళ్లీ ఆగింది. మళ్లీ కదిలింది. చిన్న కన్నం పడి, అందులోంచి చీలిన నాలుక బయటికి వచ్చి గాలిని చూసింది. తరువాత తల, ముంగాళ్లు. ఒక్క నిమిషం అక్కడే ఆగి, చుట్టూ చూసి, ఒక్క ఉరుకున గడ్డిలో కలిసిపోయింది. వెనుకే మరొకటి. సూపర్వైజరు తీసిన మొదటి రెండు ఫోటోలలో గడ్డి మాత్రమే పడింది.

“కాగితం,” అన్నాను ఆమెతో, మెల్లగా, జేబులోంచి తీస్తూ. “నీ పేరు ఉంది.”

“ఉండనీ. తర్వాత ఇస్తువు,” అన్నది పుట్ట మీది నుంచి చూపు తిప్పకుండా.

అయిదవది కన్నంలో సగం దాకా వచ్చి ఇరుక్కుంది. పై పెళ్ల దాని నడుము మీద కూర్చుంది. ముంగాళ్లతో మట్టిని గీరుతున్నది, కదలలేకపోతున్నది. చాలాసేపు చూశాను. పెళ్ల బొటనవేలంత కూడా లేదు. వేలితో తీసేస్తే సరిపోతుంది. నేను ముందుకు ఒక అడుగు వేసి వంగాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“ముట్టకు సారూ. దాని పని అది చేస్కుంటది.”

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అది కాసేపు ఊపిరి తీసుకుంది. మరొకసారి గీరింది. పెళ్ల రాలిపోయింది.